గుట్ట అడవి లెక్క: కలప, మేత, కాయ, నీళ్ళు



వానాకాలం వస్తూనే పంచాయతీల్లో మొక్కలు నాటే పనుల జాబితా తయారవుతుంది. కాగితం కన్నడంలో ఉంటుంది. మన పెద్దవాళ్ళు చాలామంది సంతకం పెట్టి లేచి వస్తారు. ఏ గుట్ట మీద ఏ మొక్క పెడుతున్నారో అడగరు. అడగవలసిన అవసరం ఎందుకుందో వివరించడానికే ఈ వ్యాసం.

మన గుట్టల మీద ఉన్నది మలెనాడు అడవి కాదు. తుమ్మ, సండ్ర, నారేపి, రేగి, సీతాఫలం, బందారు పొదలు, వాటి నడుమ బోద గడ్డి. చూసేవాళ్ళకు బీడులా ఉంటుంది. అయినా దానికి నాలుగు రాబడులున్నాయి. మొదటిది కలప, వంట కట్టెలు. రెండోది గొర్రెలకు, పశువులకు మేత. మూడోది చింతపండు, సీతాఫలం, కానుగ గింజలు, చీపుర్లకు ఈతాకు. నాలుగోది నీళ్ళు. గడ్డి, వేళ్ళు వాన నీటిని నిలిపి భూమిలోకి దించుతాయి, మట్టి చెరువులోకి కొట్టుకుపోకుండా పట్టుకుంటాయి. బోరు నీళ్ళలో ఫ్లోరైడ్‌తో బాధపడే మనకు ఈ నాలుగో రాబడి విలువ వేరే చెప్పనక్కర లేదు.

చిక్కు ఎక్కడంటే, ఒక రాబడి మీదే ఆశ పెంచుకుంటే మిగిలిన మూడూ తగ్గుతాయి. దీనికి మన జిల్లాలోనే సాక్ష్యం ఉంది. 1983లో ప్రపంచ బ్యాంకు సాయంతో కర్ణాటకలో సామాజిక అరణ్య పథకం మొదలైంది. కోలారు, తుమకూరు ప్రాంతాల్లో రాగి చేలు చాలా చోట్ల నీలగిరి తోపులయ్యాయి. దుంగలు మిల్లులకు పోయాయి. పశువు ఆ ఆకు ముట్టదు, కింద గడ్డీ సరిగా రాదు. ఆ ఏడాది ఆగస్టులోనే తుమకూరు జిల్లా రైతులు కొందరు నర్సరీ మీదికి వెళ్ళి నీలగిరి మొక్కలు పీకేసి, చింత గింజలు, మామిడి టెంకలు నాటారు. కొత్తగా నీలగిరి పెట్టరాదని ప్రభుత్వం ఆదేశం ఇచ్చింది 2017లో. రైతు మాట ప్రభుత్వ కాగితం మీదికి రావడానికి 34 ఏళ్ళు పట్టింది.

రెండో ఉదాహరణ మన హద్దు అవతల ఉంది. పెనుకొండకు ఆవల, చెన్నేకొత్తపల్లి ప్రాంతంలో టింబక్టు కలెక్టివ్ అనే సంస్థ 1990లో మొదలైంది. తర్వాత చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళతో కలిసి కల్పవల్లి పేరుతో 7,000 ఎకరాలకు పైగా బోడి గుట్టలను కాపాడారు. ఎక్కువ భాగం కొత్తగా నాటింది కాదు. ఎండాకాలం మంటలు రాకుండా కాపలా కాశారు, అడ్డదిడ్డంగా నరకడం ఆపారు, వాన నీటికి కట్టలు వేశారు. మొదళ్ళ నుంచి చెట్టు తానే లేచింది. గడ్డి వచ్చింది, ఈత వచ్చింది, జంతువులు తిరిగి వచ్చాయి. కానీ రెవెన్యూ రికార్డులో ఆ నేల బంజరుగానే ఉండిపోయింది. అందుకే అక్కడ గాలిమరలకు చోటిచ్చారు, రోడ్ల కోసం గుట్టలు తవ్వారు. గుమాస్తాగా పని చేసినవాడిగా చెబుతున్నాను: రికార్డులో ఏముందో అదే చివరికి నిలుస్తుంది.

అన్ని చోట్లా చెట్టే మంచిదనీ అనుకోవద్దు. పక్కనే మధుగిరి తాలూకా మైదనహళ్ళిలో జయమంగలి కృష్ణజింకల సంరక్షణ ప్రాంతం ఉంది. ఆ జింకకు గడ్డి మైదానమే ఇల్లు. అక్కడ చెట్లు గుబురుగా పెంచితే జింక ఉండదు. మన గుట్టల మీద రేగి, నేరేడు, సీతాఫలం నరికేసినా అంతే. ఎలుగుబంటి తిండి కోసం కిందికి, మన చేల వైపు దిగుతుంది.

మరి ఏం చేయాలి? గుట్టను మూడు భాగాలుగా చూడండి. పైనున్న ఏటవాలు జోలికి పోకూడదు, అది నీళ్ళకు, జంతువులకు. నడుమ చింత, కానుగ, నేరేడు, సీతాఫలం కలిపి పెంచాలి. అడుగున గోమాళం మేతకు ఉంచి, దాన్ని ఐదు వంతులు చేసి, ఏటా ఒక వంతు మూసి గడ్డి విత్తనం రాలనివ్వాలి. తిరుమణి వైపు సుమారు 13,000 ఎకరాలు సోలార్ పార్కు కిందికి వెళ్ళాక మేత నేల మరింత కరువైంది, కాబట్టి ఇది ముఖ్యం. దూలాలకు, కట్టెలకు మన పొలం గట్ల మీద వేప, కానుగ, సరుగుడు పెంచుకుంటే గుట్ట మీద బరువు తగ్గుతుంది. కానుగను మొదలు ఉంచి కోస్తే మళ్ళీ చిగురిస్తుంది.

చట్టం సంగతి కూడా రెండు మాటలు. పట్టా భూమిలో చెట్టయినా, 1976 నాటి కర్ణాటక వృక్ష సంరక్షణ చట్టం ఉంది కాబట్టి కోసే ముందు రేంజ్ ఆఫీసులో అడగండి. 2001 సవరణతో మన భూమిలోని గంధం చెట్టు మనదే అయింది, అయినా నరకడానికి, తరలించడానికి అనుమతి తప్పదు. ఊరివాళ్ళు, అటవీ శాఖ కలిసి అడవిని చూసుకునే గ్రామ అరణ్య సమితులకు 1993 నుంచి ప్రభుత్వ ఉత్తర్వు ఉంది. మీ ఊళ్ళో సమితి ఉందా, అందులో గొర్రెల కాపరులు, ఆడవాళ్ళు ఉన్నారా అని కనుక్కోండి.

ఈసారి గ్రామసభలో మూడు ప్రశ్నలు అడగండి. ఏ మొక్క పెడుతున్నారు? ఆ నేలలో ఇప్పుడు ఎవరి పశువులు మేస్తున్నాయి? రికార్డులో ఆ సర్వే నంబరు పేరేమిటి? జవాబు కన్నడంలో రాసిస్తే మన సంఘానికి తీసుకురండి, చదివి చెప్పే బాధ్యత మాది. సంతకం మాత్రం ఆ తర్వాతే పెట్టండి.