నింపే దారి చూసుకుని బ్యాటరీ కొనండి

భిలాయిలోని ఖుర్సీపార్‌లో పొద్దున్న తుడిచిన కిటికీ అద్దం మీద సాయంత్రానికి వేలితో పేరు రాయొచ్చు. పక్కనే ఉక్కు కర్మాగారం, ముందు నుంచి లారీలు తిరిగే జీఈ రోడ్డు. సోవియట్ సాయంతో ఈ కర్మాగారం కట్టేందుకు 1955లో ఒప్పందం కుదిరింది. మొదటి బ్లాస్ట్ ఫర్నెస్‌ను 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. ఆ పనుల కోసం శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఖుర్సీపార్ నిండా ఉన్నాయి. దుమ్ముతో వాళ్లకు తరాల పరిచయం. ఇప్పుడు ఆ దుమ్ము పడే చోటు ఇంకొకటి వచ్చింది, డాబా మీది సోలార్ పలకలు. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం కింద 3 కిలోవాట్ల ఏర్పాటుకు 78,000 రూపాయల సబ్సిడీ వస్తోంది. పలక మీద దుమ్ము పేరుకుంటే కరెంటు తగ్గుతుంది.

అద్దమైనా సోలార్ పలకైనా కడిగే తీరు ఒకటే. చిన్న ట్రక్కులో నీళ్ల ట్యాంకు, దానికో పంపు, పొడవాటి గొట్టం, చివర పోల్ బ్రష్. ఆరాక తెల్ల మరకలు మిగలకుండా లవణాలు తీసేసిన నీళ్లు వాడతారు. ఈ సరంజామా పెట్టి ఉపాధి చూసుకోవాలనుకునే కుర్రాడు మొదట తడబడేది బ్యాటరీ దగ్గరే. దుకాణానికి వెళ్లి "పంపుకి ఎంత బ్యాటరీ కావాలండీ?" అని అడుగుతాడు. అడగాల్సిన ప్రశ్న ఇంకొకటుంది: ఈ బ్యాటరీని రోజూ ఎక్కడ, ఎంతసేపు ఛార్జింగ్ పెట్టగలను?

ముందు పంపు సంగతి. ఇది 12 వోల్టుల డయాఫ్రమ్ పంపు. మోటారు తిరుగుతుంటే లోపలి రబ్బరు పొర ముందుకీ వెనక్కీ కదులుతూ నీళ్లను తోస్తుంది. పీడనం హద్దు దాటితే స్విచ్ దానంతట అదే ఆపేస్తుంది. శ్రీకాకుళం పొలాల్లో రైతులు వీపున తగిలించుకునే బ్యాటరీ స్ప్రేయర్‌లో ఉండేది దీని చిన్న తమ్ముడే. బండి మీద వాడే పంపు లేబుల్ మీద 7 ఆంపియర్లని ఉండొచ్చు, అది గరిష్ఠం. కంట్రోలర్ పెట్టి నిమిషానికి 2 లీటర్లకు తగ్గించి నడిపితే సగటున 4 ఆంపియర్ల లోపే లాగుతుంది. రోజుకి 5 గంటలు నడిస్తే 20 ఆంపియర్-అవర్లు. ఆ లోపు 600 లీటర్ల నీళ్లు ఖర్చవుతాయి.

ఆ కరెంటంతా ఎటు పోతోందో లెక్కేస్తే ఆశ్చర్యం వేస్తుంది. 20 ఆంపియర్-అవర్లంటే దాదాపు 240 వాట్-అవర్లు. 600 లీటర్లను 10 మీటర్ల ఎత్తుకు, అంటే మూడంతస్తులకు ఎక్కించడానికి భౌతికశాస్త్రం అడిగేది 16 వాట్-అవర్లు మాత్రమే. మిగిలినదంతా మోటారు వేడికి, గొట్టం లోపలి రాపిడికి పోతుంది. నిమిషానికి 2 లీటర్లు పారుతుంటే 6 మిల్లీమీటర్ల లోపలి వ్యాసమున్న గొట్టంలో 100 మీటర్లకు దాదాపు 4 బార్ల పీడనం హరించుకుపోతుంది. అదే 8 మిల్లీమీటర్లదైతే 1 బారే. గొట్టం ఒక్క సైజు పెంచితే బ్యాటరీ మీద భారం అంత తగ్గుతుంది.

20 ఆంపియర్-అవర్లే కదా, బండి ఇంజన్ బ్యాటరీ నుంచే లాగేస్తే? కుదరదు. ఇంజన్ స్టార్ట్ చేసే బ్యాటరీలో పలకలు పల్చన, సంఖ్యలో ఎక్కువ. రెండు మూడు క్షణాలు వందల ఆంపియర్లు ఇచ్చి, వెంటనే డైనమో నుంచి నింపుకోవడానికే అది పుట్టింది. గంటల తరబడి లాగితే పలకల మీది పదార్థం రాలి అడుగున పడుతుంది. పైగా చివరి ఇంటి దగ్గర సెల్ఫ్ కొట్టినా ఇంజన్ పలకదు. పంపుకి వేరే బ్యాటరీ, అదీ లోతుగా ఖాళీ అవడాన్ని తట్టుకునే డీప్ సైకిల్ రకం కావాలి. ఇంట్లో ఇన్వర్టర్‌కి వాడే ట్యూబులర్ బ్యాటరీ ఆ రకమే. కానీ 150 ఆంపియర్-అవర్లది 50 కిలోలు దాటుతుంది, కుదుపులకు ఆసిడ్ చిందుతుంది, ఛార్జింగ్ చివర్లో హైడ్రోజన్ వదులుతుంది. గాలిలో హైడ్రోజన్ 4 శాతానికి చేరితే ఒక్క నిప్పురవ్వ చాలు. మూసిన బండిలో అలాంటిది పెట్టకూడదు. మిగిలినవి రెండు: సీలు చేసిన ఏజీఎం లెడ్ ఆసిడ్, లేదా లిథియం ఐరన్ ఫాస్ఫేట్.

లెడ్ ఆసిడ్ బ్యాటరీని ఫ్రాన్స్‌లో గాస్టన్ ప్లాంటే 1859లో తయారుచేశాడు. దాని లోపలి రసాయనం నేటికీ అదే. కరెంటు ఇస్తున్నప్పుడు రెండు పలకల మీదా లెడ్ సల్ఫేట్ పూతలా ఏర్పడుతుంది, ఆసిడ్ పల్చబడుతుంది. ఛార్జింగ్ పెడితే ఆ సల్ఫేట్ కరిగి మళ్లీ ఆసిడ్‌లోకి వెళుతుంది. వెంటనే పెడితేనే. రోజుల తరబడి సగం ఖాళీగా వదిలేస్తే సన్నటి సల్ఫేట్ రేణువులు గట్టి స్ఫటికాలుగా ఎదిగి ఇక కరగవు. "బ్యాటరీ కూర్చుంది" అని మెకానిక్ అనేది ఎక్కువగా ఈ స్థితినే. పని ఎక్కువై చచ్చే లెడ్ ఆసిడ్ బ్యాటరీలు తక్కువ, పూర్తిగా నిండక చచ్చేవే ఎక్కువ.

60 ఆంపియర్-అవర్ల ఏజీఎం కొన్నామనుకుందాం. రోజుకి 20 వాడతాం, మూడో వంతే కాబట్టి సైజు చక్కగా సరిపోయింది. కానీ ఛార్జింగ్ అంతా డైనమో మీదే వదిలేశాం. ఇంటి నుంచి పనికీ, పని నుంచి ఇంటికీ కలిపి గంట ప్రయాణం. డైనమో నుంచి బ్యాటరీకి అందేది 12 ఆంపియర్లనుకుందాం, నష్టాలు పోను ఆ గంటలో లోపల చేరేది 10 ఆంపియర్-అవర్లు. మొదటి రాత్రికి 50 మిగిలింది, రెండో రాత్రికి 40, మూడో రాత్రికి 30. నాలుగో రోజు పని అయ్యేసరికి 10 మీదికి దిగుతుంది. ఆదివారం బండి కదలదు, సల్ఫేట్ గట్టిపడుతుంది. ఆర్నెల్లలో "ఈ కంపెనీ బ్యాటరీ బాగోలేదు" అన్న మాట పుడుతుంది. పోనీ 120 ఆంపియర్-అవర్లది కొంటే? రోజూ లోటు ఉన్నంతకాలం పెద్ద బ్యాటరీ కూడా ఖాళీ అవుతుంది, కాకపోతే కొన్నాళ్లు ఆలస్యంగా.

రాత్రిపూట ఇంటి ప్లగ్గుకి పెడితే కథ మారుతుంది. మంచి ఛార్జర్ మూడు దశల్లో పనిచేస్తుంది. మొదట తన పూర్తి కరెంటు ఇస్తుంది. వోల్టేజి 14.4కి చేరగానే అక్కడే నిలిపి, బిందె నిండబోతుంటే కుళాయి తగ్గించినట్టు, కరెంటును క్రమంగా తగ్గిస్తుంది. చివరికి 13.6 దగ్గర నిలబెట్టి కాపలా కాస్తుంది. చివరి 20 శాతం నిండడానికే మూడు నాలుగు గంటలు పడుతుంది. డైనమో ఎప్పటికీ పూర్తి చేయలేనిది ఆ భాగమే. 8 లేదా 10 ఆంపియర్ల ఆటోమేటిక్ ఛార్జర్ రాత్రి పెడితే తెల్లారేసరికి 60 ఆంపియర్-అవర్ల బ్యాటరీ నిండుతుంది. కటాఫ్ లేని పాతకాలం డబ్బా ఛార్జర్‌ను సీలు చేసిన బ్యాటరీకి తగిలించొద్దు. లోపలి తేమ ఆవిరైపోతే నీళ్లు పోయడానికి మూత ఉండదు.

నిండిందో లేదో మల్టీమీటర్ చెబుతుంది. ఛార్జర్ తీసి, పంపు ఆపి, కొన్ని గంటలు వదిలేశాక చూడాలి. లెడ్ ఆసిడ్‌లో 12.7 వోల్టులుంటే నిండుగా ఉన్నట్టు, 12.2 అంటే సగం, 11.9కి వచ్చిందంటే అడుగంటినట్టే.

లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీకి ఈ ఆకలి జబ్బు లేదు. సగం ఖాళీగా ఉన్నా సల్ఫేట్ గొడవ రాదు. ఉన్నదాంట్లో 80 శాతం వరకు నిశ్చింతగా వాడుకోవచ్చు, కాబట్టి 20 ఆంపియర్-అవర్ల పనికి 30 ఆంపియర్-అవర్లది చాలు. బరువు 4 కిలోల దరిదాపు. అదే పనికి ఏజీఎం దాదాపు 20 కిలోలు తూగుతుంది. ఆంపియర్-అవర్ లెక్కన ధర రెండు మూడు రెట్లున్నా, రెండు వేల ఛార్జింగులకు పైగా వస్తుంది. ఏజీఎం సగం ఖాళీ చేస్తూ వాడితే కొన్ని వందలకే సరి. ఈ పదార్థాన్ని 1990లలో టెక్సాస్ విశ్వవిద్యాలయంలో వెలికితీసిన బృందానికి నాయకుడు జాన్ గుడెనఫ్. లిథియం అయాన్ బ్యాటరీల మీద కృషికి ఆయనకు 2019 నోబెల్ బహుమతిలో వాటా దక్కింది.

కానీ దీన్ని డైనమోకి నేరుగా కలపకూడదు. అంతర్గత నిరోధం తక్కువ కాబట్టి ఇచ్చినంత కరెంటు గుటగుటా తాగేస్తుంది, డైనమో మాడిపోతుంది. మధ్యలో డీసీ-డీసీ ఛార్జర్ పెడితే అది ఎంత ఇవ్వాలో అంతే ఇస్తుంది. 20 ఆంపియర్లది పెడితే, పైన చెప్పిన గంట ప్రయాణంలోనే రోజు ఖర్చు మొత్తం తిరిగొస్తుంది. 2020 ఏప్రిల్ తర్వాతి బీఎస్-6 బండ్లకు ఇది మరీ అవసరం. వాటిలో చాలావాటి డైనమో ఇంధనం ఆదా కోసం వోల్టేజిని తనంతట తానే తగ్గించేసుకుంటుంది. ఇంకో మాట: లిథియం బ్యాటరీ ఖాళీ అవుతున్నా వోల్టేజి చాలాసేపు 13 పైనే నిలబడుతుంది. మల్టీమీటర్ చూసి మోసపోకుండా, ఎంత వెళ్లింది ఎంత వచ్చింది లెక్కగట్టే షంట్ మీటర్ పెట్టుకోవాలి.

ఇక భిలాయి ఎండ. మే నెలలో 43, 44 డిగ్రీలు ఇక్కడ మామూలే, మూసిన బండిలో ఇంకా ఎక్కువ. లెడ్ ఆసిడ్ సగటు ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే ఆయుష్షు సుమారు సగమవుతుంది. 25 డిగ్రీల దగ్గర 14.4 వోల్టుల ఛార్జింగ్ 45 దగ్గర 13.9కి తగ్గాలి, కాబట్టి ఉష్ణోగ్రత చూసుకునే ఛార్జర్ ఎంచుకోండి. లిథియం బ్యాటరీకి కాపలా కాసే బీఎంఎస్ సర్క్యూటు కొన్నింటిలో 45 డిగ్రీలు దాటితే ఛార్జింగే ఆపేస్తుంది. చల్లటి దేశాలవాళ్లు సున్నా డిగ్రీల కింద లిథియం ఛార్జ్ కాదని బాధపడతారు. మనకు ఆ బెంగ లేదు. మన బెంగ వేడి గురించే: ప్లగ్గు ఛార్జింగ్‌కి వేళ రాత్రి, బ్యాటరీకి చోటు నీడ.

వైర్లనూ మరవొద్దు. బ్యాటరీ నుంచి పంపు 4 మీటర్ల దూరంలో ఉంటే రానూ పోనూ 8 మీటర్ల రాగి తీగ. 1.5 ఎస్‌క్యూ ఎంఎం తీగలో 7 ఆంపియర్లకు 0.6 వోల్టు పోతుంది, బ్యాటరీ బాగున్నా కంట్రోలర్ “లో వోల్టేజి” అంటూ ఆగిపోతుంది. 4 ఎస్‌క్యూ ఎంఎం వేస్తే నష్టం పావు వోల్టు లోపే. పాజిటివ్ టెర్మినల్ పక్కనే ఫ్యూజు ఉండి తీరాలి.

నింపే దారి ముందు చూసుకోవాలన్న సూత్రాన్ని పెద్ద కొలతలో చూడాలంటే పడమరగా రాజ్‌నంద్‌గావ్ వెళ్లాలి. అక్కడి 100 మెగావాట్ల సోలార్ కేంద్రానికి జోడించిన బ్యాటరీ సామర్థ్యం 120 మెగావాట్-అవర్లు. దాన్ని 2024 ఫిబ్రవరి 24న ప్రారంభించారు. 40 మెగావాట్ల చొప్పున మూడు గంటలు ఇవ్వగలదు. పగలు ఎండ నింపుతుంది, ఆ నిల్వను సాయంత్రం వాడుకుంటారు. నింపే దారి ఖాయమయ్యాకే నిల్వ సైజు ఖాయమవుతుంది.

కాబట్టి కొనే క్రమం ఇలా పెట్టుకోవాలి. పంపు ఎన్ని గంటలు నడుస్తుందో చూసి రోజు ఖర్చు కట్టండి. బండి రాత్రి నిలిపే చోట ప్లగ్గు ఉందో లేదో చూడండి. ఉంటే 60 నుంచి 75 ఆంపియర్-అవర్ల ఏజీఎం, ఓ మంచి ఛార్జర్ చాలు. చేతిలో డబ్బు తక్కువున్నవాళ్లకు అదే సరైన దారి. వీధిలో నిలపాల్సి వస్తే, కరెంటు నమ్మకం లేకపోతే, 30 ఆంపియర్-అవర్ల లిథియం, డీసీ-డీసీ ఛార్జర్ కలిపి కొనండి. ఛార్జర్‌కి డబ్బు మిగల్లేదంటే బ్యాటరీ కొనడం ఓ నెల వాయిదా వేయండి.