పాత ట్రైలర్ కప్లర్: 3 మిల్లీమీటర్ల దగ్గరే అసలు సంగతి

అమెరికాలో పాత సామాన్ల ట్రైలర్ చవగ్గా దొరికితే కొనేవాళ్ళు ముందుగా తుప్పు చూస్తారు, చక్రాలు తిప్పి చూస్తారు, చెక్క ఎంత పుచ్చిందో చూస్తారు. నన్నడిగితే అన్నిటికన్నా ముందు చూడాల్సింది దాని మూతి దగ్గరుండే కప్లర్‌ని. మన ఊళ్ళలో ట్రాక్టర్‌కు ట్రాలీని పిన్ను దించి తగిలిస్తారు. అక్కడ కారు వెనక బిగించిన ఉక్కు బాల్ మీద కప్లర్ బోర్లించిన గిన్నెలా కూర్చుంటుంది. దాన్ని గొళ్ళెంతో బిగిస్తారు.

ఆ బాల్ సాధారణంగా మూడు సైజుల్లో ఉంటుంది: 1 7/8 అంగుళాలు, 2 అంగుళాలు, 2 5/16 అంగుళాలు. మిల్లీమీటర్లలో 47.6, 50.8, 58.7. మొదటి రెండింటికీ తేడా 3.2 మిల్లీమీటర్లే. చిన్న కప్లర్ పెద్ద బాల్ మీదికి దిగదు, అక్కడికి అది క్షేమం. భయమంతా రెండోవైపు. 2 అంగుళాల కప్లర్ 1 7/8 బాల్ మీద కూర్చుంటుంది, గొళ్ళెమూ పడుతుంది, సాఫీ రోడ్డు మీద బండి వెనక వస్తుంది కూడా. ఏదో ఒక గతుకులో మూతి పైకెగిరినప్పుడు ఊడిపోతుంది. బ్రిటన్‌లో దొరికే పాత ట్రైలర్లతో ఇంకో చిక్కుంది. వాటిలో కొన్నిటికి 2 అంగుళాల కప్లర్ ఉంటుంది, ఇప్పటి కార్లకేమో యూరప్ కొలత 50 మిల్లీమీటర్ల బాల్. ఆ 0.8 మిల్లీమీటర్ల తేడా కంటికి ఆనదు.

అందుకే ముందు కప్లర్ పైన అచ్చు వెతకాలి. బాల్ సైజు, లాగగల బరువు పౌన్లలో అక్కడే ఉంటాయి. పెయింటు పొరల కింద అవి పూడిపోయి ఉంటే వైర్ బ్రష్‌తో నెమ్మదిగా గీకి, సుద్దముక్క రుద్దితే అక్షరాలు తేలతాయి. గ్రైండర్ పెట్టకండి: అక్షరాలూ పోతాయి, లోహమూ పలచబడుతుంది. అచ్చు అసలే కనపడకపోతే కప్లర్ లోపలి గుంటను వెర్నియర్‌తో రెండు దిక్కుల్లో కొలవాలి, నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి. అరిగిన గుంట కోలగా సాగి ఉంటుంది. ఒక్క దిక్కున కొలిస్తే వచ్చే అంకె మోసం చేస్తుంది.

బాల్ కింది మరమేకు లావు కూడా రాసుకోవాలి. అది 3/4, 1 లేదా 1 1/4 అంగుళాలు ఉంటుంది. పైన బాల్ ఒకే సైజైనా మేకు సన్నమైతే మోత తగ్గుతుంది. మేకు దిగే రంధ్రం దానికన్నా 1/16 అంగుళం మించి వదులుండకూడదు.

బరువు లెక్కకు అమెరికాలో ఎస్‌ఏఈ జె684 ప్రమాణం ఆధారం. అందులో మొదటి తరగతి 2,000 పౌన్లు, రెండోది 3,500, మూడోది 5,000, నాలుగోది 10,000. కిలోల్లో సుమారు 907, 1,588, 2,268, 4,536. బాల్, కప్లర్, కారుకూ ట్రైలర్‌కూ మధ్య కట్టే గొలుసులు, బాల్‌ను కారుకు పట్టి ఉంచే హిచ్: వీటిలో ఏది అన్నిటికన్నా తక్కువ మోస్తుందో మొత్తం బండికి అదే హద్దు.

కప్లర్ బదులు ముందు లావుపాటి ఇనుప రింగు కనబడిందా? సైన్యం వాడిన ట్రైలరై ఉండొచ్చు. రెండో ప్రపంచ యుద్ధంలో జీపు వెనక కట్టిన పావు టన్ను ట్రైలర్లను విల్లీస్, బాంటమ్ కంపెనీలు చేశాయి. వాటికి రింగే ఉండేది. యుద్ధం తర్వాత చాలామంది దాన్ని కోసేసి బాల్ కప్లర్ వెల్డింగ్ చేయించుకున్నారు, కాబట్టి కప్లర్ ఉన్నంత మాత్రాన జీపు ట్రైలర్ కాదనలేం. చక్రం బోల్టులు చూడండి. 5 1/2 అంగుళాల వలయంలో 5 బోల్టులుంటే జీపు ఇరుసు కావచ్చు. అదే వలయం 10 1/4 అంగుళాలుంటే 1936-39 నాటి ఫోర్డ్ కారు ఇరుసుతో ఎవరో సొంతంగా చేసుకున్న ట్రైలర్ అయ్యే అవకాశం ఎక్కువ. ఇలాంటి ఇంటి తయారీ ట్రైలర్లంటే నాకు ప్రత్యేకమైన ఇష్టం, ఒక్కోదాంట్లో ఒక్కో కారు దాగి ఉంటుంది.

పాత చక్రాలూ ఇరుసూ బాగుంటే ఉంచుకోవచ్చు. కప్లర్ గుంట కోలబడినా, బీట కనబడినా వెల్డింగ్‌తో నెట్టుకురావద్దు. ముందు దూలం వెడల్పు 2, 2 1/2 లేదా 3 అంగుళాల్లో ఏదో కొలిచి, దానికి సరిపడే కొత్త కప్లర్ కొని, తయారీదారు చెప్పిన గ్రేడు బోల్టులతోనే బిగించాలి.