శిక్షణకు ముందు యజమాని మాట

పంట వేయుటకు పూర్వమే దానిని కొనువారెవరో, ధర యేమి పలుకునో విచారించుకొనవలెనని సహకార సంఘములు రైతులకు ఎల్లప్పుడును చెప్పుచునే యున్నవి. ఈ హితవును మన బిడ్డల జీవనోపాధి విషయమున మనము మరచుచున్నాము. కమతములు నానాటికి చిన్నవగుచున్నవి. 1970-71లో మన దేశమున సగటు కమతము 2.28 హెక్టార్లు; 2015-16 వ్యవసాయ గణన నాటికి అది 1.08 హెక్టార్లకు, అనగా సుమారు రెండెకరముల అరువదియేడు సెంట్లకు దిగినది. ఇరువురు బిడ్డలున్న యింట ఇంత భూమి యిరువురికిని చాలదు. ఒకరైనను పట్టణమునకు పోయి పని వెదకుకొనక తప్పదు.

ఆ బిడ్డ కొరకు తండ్రి అప్పు చేయును. మూడు నెలలో, ఆరు నెలలో ఏదో యొక శిక్షణ జరుగును. పత్రము చేతికి వచ్చును. పని మాత్రము రాదు. వచ్చినను, చెప్పిన జీతమునకును చేతికిచ్చు జీతమునకును పొంతన యుండదు. గది యద్దెయు తిండి ఖర్చును పోగా ఇంటికి పంపుటకేమియు మిగులదు. రెండు మాసములు గడువకమునుపే పిల్లవాడు ఊరు చేరును. అప్పు మాత్రము నిలిచియుండును. మేమెరిగిన యిండ్లలోనే యిట్టివి కలవు. నలుగురును పిల్లవానిని నిందింతురు. కాని శిక్షణ నిచ్చినవారు పని నిచ్చువారిని ముందుగా అడుగకపోవుటయే యిందు మొదటి లోపమని మా యభిప్రాయము. అట్లు ముందుగా అడిగి పని నడపిన యొక సంస్థ వృత్తాంతమును ఈ మాసము పాఠకుల కెరిగింపదలచితిమి. అది దూరదేశపు కథయైనను, అందలి పద్ధతి మన సంఘముల వారికి సుపరిచితమైనదే.

అమెరికా దేశమున టెక్సాస్ రాష్ట్రములో శాన్ ఆంటోనియో యను నగరము కలదు. అచట లీవై స్ట్రాస్ కంపెనీవారి బట్టలు కుట్టు కర్మాగారము 1990లో మూయబడి, ఆ పని కోస్టారికా దేశమునకు మరలింపబడెను. వేయిమందికి పైగా పనివారు ఒక్కసారిగా జీవనాధారమును కోల్పోయిరి. వారిలో అధికులు మెక్సికో సంతతికి చెందిన స్త్రీలు. కుట్టుపని తప్ప వేరొక వృత్తి యెరుగనివారు, చదువును అంతంతమాత్రమే. ఆ నగరమున 1974లో ఏర్పడిన కాప్స్ అను ప్రజా సమాఖ్యయు, మెట్రో అలయన్స్ అను మరియొక సమాఖ్యయు పని చేయుచుండెను. ఇవి చర్చి సమాజముల కూటములు. వీథులు, మురుగు కాలువలు మొదలగు పేదపేటల యవసరములకై పోరాడిన యనుభవము కాప్స్ వారికి కలదు. ఈ కష్టమును గూడ ఆ సమాఖ్యలే తలకెత్తుకొనెను.

వారు వెంటనే శిక్షణాలయమును తెరువలేదు. ముందుగా ఇండ్లలో చిన్న చిన్న సమావేశములు జరిపి పని పోయినవారి మాట వినిరి. ప్రభుత్వపు ధనముతో శిక్షణలు జరుగుచునే యున్నవనియు, పత్రములు వచ్చుచునే యున్నవనియు, వాని వెనుక ఉద్యోగములు మాత్రము లేవనియు తెలియవచ్చెను. పిదప నగరములోని యజమానుల కడకు పోయి, ఏ పనులకు మనుష్యులు దొరకక మీరు ఇబ్బంది పడుచున్నారని యడిగిరి. అప్పుడు బయటపడిన సంగతి యేమనగా, నగరమున పనులు లేకపోలేదు. ఆసుపత్రులలో, కార్యాలయములలో, యంత్రముల మరమ్మతులలో మంచి జీతపు పనులు పెరుగుచునే యుండెను. ఆ పనులు చేయగల నేర్పు మాత్రము పేదపేటలలో లేకుండెను.

యజమానుల కడ వారు చందాలడుగలేదు, దయయు కోరలేదు. ఇన్ని ఉద్యోగములు, ఇంత జీతము, మా వారు తగిన నేర్పు సంపాదించినచో మీరు తీసికొందురా యని మాట యడిగిరి. ఇట్లు సుమారు 650 ఉద్యోగములకు వాగ్దానము లభించెను. ఆ వాగ్దానమును చేతబట్టుకొని రాష్ట్ర ప్రభుత్వమును, నగర పాలక సభను ద్రవ్యమడిగిరి. ద్రవ్యము లభించెను. 1992లో ప్రాజెక్ట్ క్వెస్ట్ అను లాభాపేక్ష లేని సంస్థ యేర్పడెను. ఈ వరుసను పాఠకులు గమనింపవలెను: మొదట ప్రజల యవసరము, రెండవది యజమాని మాట, మూడవది ధనము, కడపట శిక్షణ. తరచుగా జరుగునది దీనికి తలక్రిందులు.

సంస్థ నడచు తీరు ఇట్టిది. కుటుంబ పోషణకు చాలిన జీతము, పైకి పోవు అవకాశము గల వృత్తులనే యెన్నుకొందురు. పాఠములు తాము చెప్పరు. నగరములోని ప్రజా కళాశాలలలో చెప్పింతురు. లెక్కలును భాషయు చాలనివారికి ముందుగా వానిని దిద్దింతురు. రుసుము, పుస్తకములు, బస్సు ఖర్చు, తల్లులైనచో పిల్లల సంరక్షణ మొదలగువాటికి సాయపడుదురు. వారమున కొకసారి సలహాదారులు విద్యార్థులను సమావేశపరచి, ఎవరు వెనుకబడుచున్నారో, ఇంట నేమి చిక్కు వచ్చినదో కనుగొందురు. నర్సు వృత్తి వంటి చదువులకు ఒకటి రెండు సంవత్సరములో, అంతకు మించియో పట్టును. అన్ని దినములును విద్యార్థి చేయి విడువకుండుటయే వీరి ముఖ్య కార్యము.

ఇందు యజమానికి కలుగు లాభమేమి? క్రొత్తవారిని వెదకుటకు, పరీక్షించుటకు, నేర్పుటకు అతడు కాలమును ధనమును వెచ్చించును. చేరినవారు నెల తిరుగకుండ పోయినచో ఆ వ్యయమంతయు వృథా. మంచి సంస్థ ఈ భారమును తగ్గించును. తాను పంపినవాడు పనికి నిలుచునని పూచీ పడును. నిలువనిచో కారణమును విచారించి మరునాటి శిక్షణను సరిదిద్దుకొనును. పూచీ యనగా నేమో మన సంఘములకు క్రొత్తగా చెప్ప నక్కరలేదు. ఆస్తి లేని రైతుకు సంఘము తన మాటను జామీనుగా పెట్టి పరపతి సంపాదించినట్లే, పరిచయము లేని యువకునికి ఈ సంస్థ తన పేరును జామీనుగా పెట్టుచున్నది. ఒక్క అయోగ్యుని యోగ్యుడని పంపినను ఆ పరపతి చెడును. అట్లే, చెప్పిన జీతమీయని యజమాని కడకు మరల మనుష్యులను పంపినను ఊరిలో ఆ సంస్థ మాటకు విలువ యుండదు. రెండు పక్షములకును నిజము చెప్పగలిగిన సంస్థయే మధ్యవర్తిగా మనగలుగును.

ఫలితమును గూర్చి ఊహపై చెప్పుటలేదు. 2006-2008 మధ్య చేరగోరినవారిని చీటీ పద్ధతిని రెండు భాగములుగా చేసి, క్వెస్ట్ సాయము పొందినవారిని, పొందనివారిని పరిశోధకులు ఏండ్ల తరబడి పోల్చి చూచిరి. మొదట, చదువుకొను కాలమున, సాయము పొందినవారి రాబడియే తక్కువగా నుండెను. ఆరవ సంవత్సరమున వారి రాబడి రెండవ భాగమువారి కంటె ఏటికి 5,000 డాలర్లకు పైగా హెచ్చెను. బోస్టన్, న్యూయార్క్, మిల్వాకీ నగరములలో ఇదే త్రోవను నడచిన మూడు సంస్థలను గూర్చి 2010లో వెలువడిన పరిశోధనలోను, శిక్షణ పొందినవారు రెండేండ్లలో ఇతరుల కంటె నూటికి 18 వంతులు ఎక్కువ సంపాదించినట్లు తేలినది. విత్తిన దినముననే కోత కోరరాదని రైతుకు తెలియును, ఇచటను అంతే.

మన తెలుగు నేలపై ఈ యాలోచన లేకపోలేదు. డాక్టర్ రెడ్డీస్ ఫౌండేషన్ వారు 1999లో ప్రారంభించిన ల్యాబ్స్ కార్యక్రమమున, ముందుగా ఆ ప్రాంతపు వ్యాపార సంస్థలను తిరిగి చూచి, ఎట్టి పనివారు కావలయునో తెలిసికొని, పిదపనే పాఠములను నిర్ణయించెడివారు. 2005లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ గ్రామీణాభివృద్ధి శాఖ క్రింద నెలకొల్పబడిన ఉపాధి కల్పన, మార్కెటింగ్ మిషన్ వారు గ్రామ మహిళా సంఘముల మూలమున యువకులను గుర్తించి, కంపెనీలతో ఒడంబడికలు చేసికొని, పని చూపించిరి. 2014 సెప్టెంబరు 25న ప్రకటింపబడిన దీన్ దయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్య యోజన నియమములలో, శిక్షణ పొందినవారిలో నూటికి 70 మందికైనను పని చూపవలెనను షరతు చేర్చబడెను. షరతు మంచిదే. కాని లెక్క నిండిన చాలునను తొందర పుట్టినచో, పని యెట్టిదైనను సరేయను స్థితి వచ్చును. ఉద్యోగమున చేరుట వేరు, నిలుచుట వేరు. యజమానితో నిజమైన పొత్తు లేనిచోట మొదటిది జరుగును, రెండవది జరుగదు.

ఇక మన సంఘములు చేయదగినదేమి? శిక్షణాలయములను మనము తెరువ నక్కరలేదు. ఊరిలోని ప్రతి కుటుంబమును ఎరిగియుండుట మనకు గల బలము. మన గ్రామమునకు ఏ శిక్షణ సంస్థ వచ్చినను సంఘ కార్యదర్శి ఈ ప్రశ్నలు వేయవలెనని మా సూచన. తీసికొందుమని వ్రాసి యిచ్చిన యజమానులెవరు? ఎందరిని? కోతలు పోగా చేతికి వచ్చు జీతమెంత? పని గంటలెన్ని? బస యెక్కడ, దాని ఖర్చెవరిది? ఆడపిల్లలకు రక్షణ యెట్లు? పోయిన సంవత్సరము చేరినవారిలో ఆరు నెలల తరువాత ఎందరు నిలిచియున్నారు? ఒకే యజమానిపై ఆధారపడినచో, ఆ తలుపు మూయబడిననాడు త్రోవ యేది?

సరియైన జవాబు వచ్చినచో సంఘము తన వంతు చేయవలెను. యోగ్యులను ఏరి పంపవలెను. వీలైనచో తలిదండ్రులలో ఒకరిద్దరిని ఆ పనిచోటు చూచి రమ్మనవలెను. పోయినవారి నుండి నెలకొక వార్త తెప్పించుకొని, మాట తప్పిన యజమాని సంగతి శిక్షణ సంస్థకు తెలుపవలెను. జవాబు రానిచో, రైతు అప్పు చేయుటకు పూర్వమే వలదని చెప్పవలెను. ఆ ఒక్క మాట యొక కుటుంబమును ఋణమునుండి కాపాడవచ్చును.

ధాన్యమును తూచి, ధర వ్రాసి, రసీదు పుచ్చుకొని గాని బండి కదపని రైతు, కన్నబిడ్డను మాత్రము ఉత్త మాటపై పంపుట న్యాయము కాదు. ఈ విషయమున తమ గ్రామములలో జరిగిన మంచి చెడ్డలను సభ్యులు తమ సంఘ సమావేశములలో చర్చింతురుగాక యని మా విన్నపము.