లేత్‌పై కార్బైడు మొన ఉలి – ఎవరికి లాభము?

హైదరాబాదునకు పడమట మాదాపూరులో 1998వ సంవత్సరమున సైబర్ టవర్స్ భవనము ప్రారంభింపబడినది. నాటినుండి ఆ ప్రాంతము హైటెక్ సిటీగా ప్రసిద్ధి చెందినది. దానికి చేరువనే శిల్పారామమను చేతివృత్తుల గ్రామము కలదు. కంప్యూటరు కంపెనీల ఉద్యోగులు కుటుంబములతో అచ్చటికి వచ్చి, పల్లె పనివారు చేసిన వస్తువులను కొనుచుందురు. అనకాపల్లి జిల్లాలోని ఏటికొప్పాక లక్కబొమ్మలు ఇట్టి నగర విపణులలో ఆదరణ పొందినవి. 2017లో వానికి భౌగోళిక గుర్తింపు లభించినది. లేత్‌పై తిరుగుచున్న అంకుడు కర్రను ఉలితో చెక్కి, ఆ తిరుగుడు వేడిమితోనే లక్కను కరగించి ఈ బొమ్మలకు పూయుదురు. ఉలి మొద్దుబారినచో చెక్క గరుకగును. గరుకుపై లక్క నునుపుగా నిలువదు. కావున ఉలి వాదరపై పనివాని కూలి ఆధారపడియున్నది.

ఇప్పుడు కార్బైడు మొన గల ఉలులు అంగళ్లలో లభించుచున్నవి. సాన పట్టు శ్రమ లేదని అమ్మువారు చెప్పుదురు. ఈ మాటలో సత్యమెంత, ఏ పనివానికి ఇది లాభకరమో పంచాయతీ సభ్యులు తెలిసికొనుట అవసరము.

కార్బైడు అనగానేమి?

కార్బైడు అనగానే మామిడికాయలు మాగవేయు పదార్థము మనకు జ్ఞప్తికి వచ్చును. అది కాల్షియం కార్బైడు. పండ్లు మాగవేయుటకు దానిని వాడుట నిషిద్ధము. ఉలి మొనకు వాడునది వేరు. ఇది టంగ్‌స్టన్ కార్బైడు. టంగ్‌స్టన్, కర్బనము కలిసిన ఈ పొడికి కోబాల్టు పొడిని చేర్చి, అచ్చులో నొక్కి, తీవ్రమైన వేడిమిలో గట్టిపరచుదురు. జర్మనీలో 1923లో దీనికి పేటెంటు పొందిరి. తరువాత క్రుప్ కంపెనీ దీనిని ‘విడియా’ యను పేర విక్రయించినది. వజ్రము వంటిదని అర్థమిచ్చు జర్మను మాటలనుండి ఆ పేరు పుట్టినది. మన కార్ఖానాలలో నేటికిని దీనిని విడియా అనియే వ్యవహరింతురు.

చెక్క పనికి వచ్చు ఉలిలో ఉక్కు కమ్మి చివర చిన్న కార్బైడు బిళ్ళ మరతో బిగింపబడి యుండును. చదరపు బిళ్ళ ఒక అంచు అరిగినపుడు మర వదులు చేసి త్రిప్పినచో మరియొక అంచు పనికి వచ్చును. ఈ విధముగా నాలుగు అంచులును వాడుకొనవచ్చును. గుండ్రని బిళ్ళను కొంచెము కొంచెముగా త్రిప్పుచు వాడవలెను.

లాభములు, పరిమితులు

కార్బైడు ఉక్కుకన్న మిక్కిలి గట్టిది, వేడిమికి మెత్తబడదు. టేకు కర్రలో ఇసుకజాతి పదార్థముండుటచే ఉక్కు ఉలి త్వరలో మొద్దుబారును. అట్టి కర్రపై కార్బైడు వాదర చాలకాలము నిలుచును. సాన పట్టుట ఇంకను రాని అభ్యాసకులకు కూడ ఇది అనుకూలము.

అయితే ఇది పెళుసు. గచ్చుపై పడినచో అంచు విరుగును. సాధారణపు సానరాయి దీనిపై పనిచేయదు; వజ్రపు పొడి అద్దిన సాన కావలెను. అరుగదీయునపుడు వచ్చు ధూళిలోని కోబాల్టు ఊపిరితిత్తులకు హాని చేయును. కావున ఇంటిలో పొడిగా అరుగదీయరాదు. మరియొక విషయము: ఈ ఉలి సాధారణముగా చెక్కను గీకి తీయును. నేర్పరి చేతిలోని పదునైన ఉక్కు ఉలి చెక్కను కోసి తీయును గనుక ఎక్కువ నునుపు వచ్చును. అంకుడు కర్ర మెత్తనిది, సన్నని పొర గలది. దానిపై సాన పట్టిన ఉక్కు ఉలియే చక్కగా పనిచేయును. ఆ పని చేయువారు కార్బైడునకు మారవలసిన అవసరము స్వల్పము.

వాడు విధము

ఉలిని ఆనించు కమ్మిని కర్రకు దగ్గరగా బిగించి, ముందు కర్రను చేతితో ఒకసారి త్రిప్పి చూడవలెను. ఉలిని కమ్మిపై సమముగా నుంచి, వాదర కర్ర నడిమి ఎత్తున తగులునట్లు మెల్లగా ఆనింపవలెను. బలముగా నొక్కరాదు. కండ్లకు అద్దములు, ముక్కునకు గుడ్డ ఉండవలెను. చేతితొడుగులు, వ్రేలాడు బట్టలు తిరుగు కర్రకు చుట్టుకొనును గనుక వానిని ధరింపరాదు. బిళ్ళను త్రిప్పునపుడు ఉలిని లేత్‌నుండి దూరముగా తీసికొనవలెను.

పంచాయతీ చేయదగినది

కేంద్ర ప్రభుత్వము 2023 సెప్టెంబరు 17న పి.ఎం. విశ్వకర్మ పథకమును ప్రారంభించినది. అందలి 18 వృత్తులలో వడ్రంగము, బొమ్మల తయారీ చేరియున్నవి. పనిముట్లకై 15,000 రూపాయల వరకు సహాయము ఏర్పరుపబడినది. గ్రామములలో దరఖాస్తుల మొదటి పరిశీలన పంచాయతీదే. ఈ సొమ్ము మరల మరల వచ్చునది కాదు. తగని పనిముట్టుపై వ్యయమైనచో పనివానికి నష్టము.

కావున కొనుటకు ముందు చిన్న పరీక్ష చేయించుట మేలు. అనుభవజ్ఞుడైన పనివానికి ఒక కార్బైడు ఉలి నిచ్చి, ఒకే కర్రపై రెండు ఉలులతోను పని చేయింపవలెను. ఒక్కొక్క వాదరపై ఎన్ని వస్తువులు తయారైనవో లెక్క వ్రాయవలెను. ఉదాహరణకు బిళ్ళ వెల 600 రూపాయలు, అంచులు నాలుగు అనుకొందము. ఒక అంచు వెల 150 రూపాయలు. ఆ అంచుతో 300 వస్తువులు చేసినచో వస్తువునకు అర్ధరూపాయి పడును. సాన పట్టుటలో మిగిలిన కాలమునకు వచ్చు కూలి అంతకు మించినచో కొనవచ్చును. లేనిచో మంచి ఉక్కు ఉలియు, సానరాయియు చాలును.

దరఖాస్తుపై సంతకము చేయుటకు ముందు సభ్యులు పనివాని కొట్టమునకు స్వయముగా వెళ్లి, అతడు ఏ కర్ర చెక్కుచున్నాడో, దినమునకు ఎన్నిసార్లు సాన పట్టుచున్నాడో అడిగి తెలిసికొనవలెను.