వానలో నేరోబోటు

ఇంగ్లండు కాలువల్లో తిరిగే సన్నని పడవ నేరోబోటు. పొడవు 70 అడుగుల దాకా ఉన్నా, వెడల్పు సుమారు 7 అడుగులే. పడవను ఎత్తి దించే లాకులు చాలాచోట్ల అంత ఇరుకు మరి! వేగం గంటకు 4 మైళ్లు మించరాదు. ఇప్పుడు సరదాగా అద్దెకు తీసుకుంటారు. వానొస్తే లోపలివారికి పొయ్యి వెచ్చదనం, టీ. చుక్కాని పట్టినవారు మాత్రం వెనుక ఆరుబయట తడవాల్సిందే.

పూర్వం బొగ్గు మోసే రోజుల్లో పడవవాళ్ల కుటుంబమంతా వెనుకనున్న 10 అడుగుల గదిలోనే కాపురం. పడవ కదిలితేనే కూలి. అందుకే వానలోనూ పిల్లలు లాకు తలుపులు నెట్టేవారు. ఒకచోట నిలకడ లేక వారికి చదువు సాగేది కాదు. 1950లలో బర్మింగ్‌హామ్‌లోని వుడ్ ఎండ్ హాల్‌లో పడవ పిల్లలకు హాస్టల్ నడిపారు. అవును మిత్రులారా, హాస్టలే! అమ్మానాన్నలు సరుకుతో సాగిపోతే, పిల్లలు అక్కడుండి చదువుకున్నారు.