ఏడు తరాల నిరీక్షణ

ఆలయం లేదు. గంట మోగదు. దివ్యపూజ అర్పించే గురువు లేడు. విశ్వాసం బయటపడితే ప్రాణానికే ముప్పు. ఇటువంటి స్థితిలో ఒక విశ్వాసం ఎన్నాళ్లు నిలుస్తుంది? ఈ ప్రశ్నకు జపాన్‌లోని నాగసాకి ప్రాంతపు రైతులు, జాలరులు రెండు శతాబ్దాలకు పైగా తమ జీవితాలతోనే సమాధానమిచ్చారు. నాగసాకి అనగానే మనకు అణుబాంబు స్ఫురిస్తుంది. ఆ నేలకు అంతకన్నా పాతదైన ఈ చరిత్ర కూడా ఉంది.

గోవా నుంచి కగోషిమాకు

జపాన్‌లో సువార్తకు నాంది పలికినవాడు పునీత ఫ్రాన్సిస్ జేవియర్. గోవా కేంద్రంగా దక్షిణ భారత తీరాన సేవ చేసిన ఆయన, మలక్కాలో పరిచయమైన అంజిరో అనే జపానీయునితో కలిసి 1549 ఆగస్టు 15న కగోషిమాలో అడుగుపెట్టాడు. అనంతర కాలంలో పోర్చుగీసు నౌకలకు రేవైన నాగసాకి క్రైస్తవ పట్టణంగా ఎదిగింది. విదేశీయుల ప్రాబల్యాన్ని శంకించిన పాలకుడు హిదెయోషి 1587లో మిషనరీలను దేశం విడిచి పొమ్మన్నాడు. 1597 ఫిబ్రవరి 5న నిషిజాకా కొండపై 26 మందిని సిలువ వేయించాడు. వారిలో ఒకరైన గొన్సాలో గార్సియా మన దేశంలోని వసాయిలో జన్మించినవాడు. 1614లో తొకుగావా ప్రభుత్వం క్రైస్తవాన్ని దేశమంతటా నిషేధించింది. 1644 నాటికి అక్కడ మిగిలిన చివరి గురువు కూడా వేదసాక్షిగా మరణించాడు.

పాదం కింద ప్రతిమ

ప్రతి కుటుంబం ఏదో ఒక బౌద్ధాలయంలో పేరు నమోదు చేసుకోవాలి. నాగసాకి ప్రాంతంలో ఏటా అధికారుల ఎదుట క్రీస్తు లేక మరియమాత ప్రతిమను కాలితో తొక్కాలి. ఈ పరీక్షను ‘ఫుమియే’ అన్నారు. తొక్కనన్నవారికి చిత్రహింసలు, మరణం. తొక్కి ఇంటికి వచ్చినవారిలో ఎందరో తలుపులు మూసుకొని పశ్చాత్తాప జపం చెప్పుకున్నారు. గురువు అందుబాటులో లేనప్పుడు నిండు హృదయంతో పశ్చాత్తాపపడితే దేవుడు క్షమిస్తాడని బోధించే ఒక చిన్న పుస్తకం 1603లో వెలువడింది. దాని ప్రతులు చేతిరాతలో రహస్యంగా తరతరాలకు అందాయి. వీరిని పిరికివారని తీర్పు తీర్చగలమా? తొక్కిన ఆ పాదాలే లేకుంటే విశ్వాసాన్ని మోసుకువచ్చే తరం మిగిలేదే కాదు.

నోటి మాటగా నిలిచిన వేదం

ఊరూరా రహస్య సంఘాలు వెలిశాయి. ఒకరు పండుగల తిథులు లెక్కగట్టేవారు. మరొకరు శిశువులకు జ్ఞానస్నానం ఇచ్చేవారు. ‘ఒరాషో’ అనే ప్రార్థనలను పెద్దలు పిల్లలకు కంఠస్థం చేయించేవారు. వాటిలోని లాటిన్ పదాలకు అర్థం మరుగున పడినా ఉచ్చారణ మాత్రం పెదవులపై నిలిచింది. అవలోకితేశ్వరుని జపాన్ రూపమైన కన్నోన్ విగ్రహంలో వారు మరియమాతను దర్శించుకున్నారు. ఏడు తరాల తరువాత పెద్ద నల్ల ఓడలలో గురువులు తిరిగి వస్తారని బాస్తియన్ అనే ఉపదేశకుడు చెప్పినట్లుగా ఒక నమ్మకం వారిని నడిపించింది.

ఆ రోజు రానే వచ్చింది. విదేశీయుల కోసం నాగసాకిలోని ఓరాలో కట్టిన దేవాలయానికి 1865 మార్చి 17న ఉరకామి గ్రామం నుంచి సుమారు పదిహేను మంది వచ్చారు. ఒక స్త్రీ ఫ్రెంచి గురువు పెటీజాన్ దగ్గరకు వచ్చి, తమ హృదయమూ ఆయన హృదయమూ ఒక్కటేనని మెల్లగా చెప్పి, మరియమాత స్వరూపం ఎక్కడుందని అడిగింది. తాము దుఃఖకాలపు పదిహేడవ రోజులో ఉన్నామని కూడా వారు తెలిపారు. ఆ సంవత్సరం తపస్సు కాలం మార్చి 1న ఆరంభమైంది. గురువు ఒక్కడూ లేని ఇన్నేళ్లలో వారి లెక్క ఒక్క రోజైనా తప్పలేదు!

వెలుగులోకి వచ్చినందుకు వెల

నిషేధం అప్పటికింకా తొలగలేదు. 1867 నుంచి ఉరకామి విశ్వాసులను నిర్బంధించారు. సుమారు 3,400 మందిని దూర ప్రాంతాలకు తరలించగా, 600 మందికి పైగా ప్రవాసంలోనే మరణించారు. 1873లో నిషేధ ఫలకాలు తొలగాక మిగిలినవారు ఇల్లు చేరారు. ఏ గ్రామాధికారి ఇంట తమ పెద్దలు ప్రతిమను తొక్కవలసి వచ్చిందో, ఆ స్థలాన్నే కొని దేవాలయం నిర్మించారు. 1945 ఆగస్టు 9న అణుబాంబు దానికి సుమారు అర కిలోమీటరు దూరంలో పేలింది. ఆ విచారణలోని 12,000 మందిలో దాదాపు 8,500 మంది మరణించారు. శిథిలాల నుంచి వెలికితీసిన గంట ఆ ఏడాది క్రిస్మస్ ముందురాత్రి మళ్లీ మోగింది. 1959లో దేవాలయం మళ్లీ లేచింది.

అందరూ తిరిగి సంఘంలో చేరలేదు. ఇకిత్సుకి దీవిలో కొందరు పూర్వీకుల పద్ధతినే ఆచరిస్తూ ఒరాషోను నిలుపుకున్నారు. తమను కాపాడిన ఆచారాన్ని విడవడం వారికి పూర్వీకులను విడవడమే. ఈ రహస్య క్రైస్తవుల గ్రామాలతో సహా 12 స్థలాలను యునెస్కో 2018లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

ప్రియ పాఠకులారా! ఈ విశ్వాసాన్ని కాపాడినవారు మహా పండితులు కారు. సాయంవేళ బిడ్డను చెంత కూర్చోబెట్టుకుని, ఒక్కొక్క మాట పలికించిన తల్లులు, తండ్రులు, తాతలు. మనకు దేవాలయాలున్నాయి, గ్రంథాలున్నాయి, బోధకులున్నారు. అవన్నీ ఒక్కసారిగా దూరమైతే మన బిడ్డల పెదవులపై ఏ ప్రార్థన మిగులుతుంది? ఈ ఆదివారం ఇంటిల్లిపాదీ కూర్చున్నప్పుడు ఆ ప్రశ్న వేసుకుందాం. జవాబు ఇంట్లోనే మొదలు కావాలి.