కొత్త టీవీ వచ్చింది – ఇంటర్నెట్టు ఆగింది

కొత్త కోడలు అడుగుపెట్టిన నెలలోనే ఆవు పాలివ్వడం మానేస్తే, ఆ నింద కోడలి మీద వేసే రోజులు ఒకప్పుడు వుండేవి. ఆ రోజులు పోయాయనుకుంటున్నాము గాని, నింద పోలేదు. కోడలిని విడిచి యంత్రాన్ని పట్టుకున్నది. దీపావళికి టీవీ కొన్నారు, ఇంటర్నెట్టు ఆగింది, కనుక దోషం టీవీది. వాకిట్లో కెమెరా పెట్టారు, పిల్లవాడి ఆన్‌లైను పాఠం తెగిపోయింది, కనుక దోషం కెమెరాది. కోర్పనా, గడ్‌చాందూరు వైపు తెలుగు కుటుంబాలలో యీ మాట మేము వినని నెల లేదు. ఆఫీసులో కంప్యూటరు ముందు కూర్చునే గుమాస్తాలము కావడం చేత, యింటి వైఫై సంగతి కూడా మాకు తెలిసే వుంటుందని చుట్టాలూ, యిరుగుపొరుగూ పిలుస్తూ వుంటారు. అలా నాలుగిళ్ళు తిరగగా మాకు తేలిన విషయం యేమిటంటే, కొత్త వస్తువు నిజంగా దోషి అయిన సందర్భాలు చాలా తక్కువ.

పట్నంలో వున్నవారికి యిది పెద్ద విషయంగా తోచకపోవచ్చు. ఫోను చేస్తే సాయంత్రానికి మనిషి వస్తాడు. మా తాలూకాలో ఆ మనిషి రాజురా నుంచో, చంద్రపూరు నుంచో రావాలి. వస్తానన్న రోజున రాడు, రానన్న రోజున మనం యింట వుండము. ఈ లోగా ఆగేది సినిమా ఒక్కటే కాదు. పంట బీమా దరఖాస్తు, రేషను కార్డు కె.వై.సి., పిల్లల పరీక్ష ఫారాలు, పూనాలో వున్న కొడుకు ముఖం చూడడం, అన్నీ ఆ సన్నని తీగ మీదే నడుస్తున్నాయి.

భాష చిక్కు ఒకటి దీనికి తోడు. రాజురా తాలూకా 1956 దాకా హైదరాబాదు రాష్ట్రంలోని ఆదిలాబాదు జిల్లాలోది. రాష్ట్రాల పునర్విభజనలో నాందేడు జిల్లాకు పోయి, 1959లో చాందా జిల్లాలో కలిసింది. కోర్పనా ఆనాడు ఆ తాలూకాలోదే. అందుచేత మన యిళ్ళలో అవ్వకు తెలుగు, మనుమడికి మరాఠీ. రౌటరు వెనుక చీటీ ఇంగ్లీషులో వుంటుంది, కంపెనీ వారు ఫోనులో హిందీ మాట్లాడుతారు. ఇంతమంది మధ్య చివరికి మిగిలే ఫిర్యాదు ఒక్కటే: "నెట్టు లేదు." జ్వరం వచ్చిందని చెబితే వైద్యుడికి యేమి తెలుస్తుంది? ఆ ఒక్క మాట వెనుక మూడు నాలుగు వేర్వేరు జబ్బులున్నాయి.

కనుక మొట్టమొదట అడగవలసిన ప్రశ్న: ఆగినది కొత్త వస్తువులోనా, అన్నింటిలోనా? దీనికి పెద్ద చదువు అక్కరలేదు. మీ పాత ఫోనులో మొబైలు డేటా ఆపి, వైఫై మీదనే యేదైనా తెరిచి చూడండి. అది నడిస్తే బయటి తీగ బాగున్నట్టే. కంపెనీకి ఫోను చేయడం, రౌటరును పొడవడం రెండూ అనవసరం.

పాత ఫోనులో కూడా నడవకపోతే రౌటరు దీపాలు చూడాలి. ఫైబరు రౌటర్లలో పి.ఓ.ఎన్. అనే దీపం పచ్చగా నిలకడగా వెలగాలి, ఎల్.ఓ.ఎస్. అనే దీపం ఎర్రగా వెలిగితే తీగలో వెలుగు రావడం లేదన్న మాట. అవును, వెలుగే. ఆ పసుపుపచ్చ తీగలో కరెంటు పారదు. వెంట్రుకంత గాజుపోగులో కాంతి పారుతుంది. కాంతి నడిచే నడిమి భాగం మిల్లీమీటరులో వందో వంతు కూడా వుండదు. ఆ తీగను మడిచినా, బల్లకాలు దాని మీద పడినా వెలుగు దారిలోనే కారిపోతుంది. కొత్త టీవీ దోషి కాదని మేము అనడానికి పెద్ద కారణం యిక్కడే వున్నది. టీవీకి చోటు చేయడానికి రౌటరును పక్కకు జరుపుతారు. తీగను గోడ మూలన వంచి మేకు కొడతారు. లేదా ప్లగ్గులు చాలక అడాప్టర్లు తారుమారు చేస్తారు. అడాప్టరు పిన్ను పట్టినంత మాత్రాన సరిపోదు. రౌటరుకు 12 వోల్టులు కావలసి వుంటే, సెట్‌టాప్ పెట్టెది 5 వోల్టులది తగిలించినప్పుడు అది వెలగదు. తక్కువ వోల్టులదానికి యెక్కువది తగిలిస్తే కాలిపోవచ్చు. వోల్టుల అంకె అడాప్టరు మీదా, రౌటరు అడుగునా అచ్చువేసి వుంటుంది. రెండూ కలవాలి.

ఇక పాతవన్నీ నడుస్తూ కొత్తది మాత్రమే అంటుకోకపోతే, కారణం తరంగాలలో వెతకాలి. నేటి రౌటరు రెండు గొంతులతో మాట్లాడుతుంది: ఒకటి 2.4 గిగాహెర్ట్జ్, రెండవది 5 గిగాహెర్ట్జ్. మొదటిది నిదానమైనా గోడలు దాటుతుంది. రెండవది వేగమైనదే గాని, రెండు గోడలకే అలసిపోతుంది. మన దేశంలో మొదటి దానిని లైసెన్సు లేకుండా వాడుకోవడానికి 2005లోనూ, రెండవ దానిలో ఆరుబయట కూడా విరివిగా వాడుకోవడానికి 2018లోనూ అనుమతి వచ్చింది. చౌక కెమెరాలు, బల్బులు, ప్రింటర్లు చాలావరకు మొదటి గొంతునే వింటాయి. మీరు వైఫై పేరు చివర 5జి అని వున్నదానినే పట్టుకుని "కెమెరాకు కనబడదేమి" అంటే అది యేమి చేస్తుంది? ఆ 5జి వేరు, సెల్‌ఫోను కంపెనీల 5జి వేరు అన్న సంగతి కూడా చెప్పవలసి వున్నది. యీ పేరు పెట్టినవారు యెవరో గాని జనానికి ఉపకారం చేయలేదు. పాస్‌వర్డు విషయం వేరుగా చెప్పనక్కరలేదు; చేతివ్రాతలో సున్నా, ఇంగ్లీషు ఓ ఒకేలా వుంటాయని గుర్తుంటే చాలు. వస్తువు మరీ పాతదైతే, రౌటరులో భద్రత పద్ధతి డబ్ల్యు.పి.ఎ.3 మాత్రమే వున్నప్పుడు దానికి అర్థం కాదు. 2, 3 రెండూ కలిసిన పద్ధతి యెంచుకుంటే సరిపోతుంది.

అంటుకున్నది గాని "ఇంటర్నెట్టు లేదు" అంటున్నదా? అన్నిటిలోకీ యిదే అసలు చిక్కు. దీనికి మా ఆఫీసు ఉపమానమే బాగా కుదురుతుంది. మహారాష్ట్ర ఆఫీసులలో ఆవక్-జావక్ బల్ల మన పాఠకులకు తెలియనిది కాదు. బయటికి పోయే కాగితానికి ఆఫీసు చిరునామా ఒక్కటే. జవాబు వచ్చినప్పుడు అది యే బల్లదో ఆవక్-జావక్ గుమాస్తాయే చూసి అందజేయాలి. రౌటరు ఆ గుమాస్తా. బయటి లోకానికి యిల్లంతా కలిపి ఒకే అంకె. లోపల ఒక్కొక్క వస్తువుకు ఒక్కొక్క బల్ల అంకె, 192.168.1.5, 192.168.1.6, యిలాగ. లోపలి వాడకానికి యిటువంటి అంకెలను 1996లో కట్టుబాటుగా కేటాయించారు. అప్పటి పద్ధతిలో లోకమంతటికీ వున్న అంకెలు సుమారు 430 కోట్లు. ప్రపంచ కేంద్ర నిల్వలో వున్న చివరి కట్టలు 2011 ఫిబ్రవరి 3న పంచేశారు. మన దేశంలో 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగం ప్రజలకు ఇంటర్నెట్టు తెరిచినప్పుడు, టెలిఫోను తీగకు ఒక కంప్యూటరు తగిలించడమే గొప్ప. ఇప్పుడు నలుగురున్న యింట్లో పది వస్తువులు బల్ల అడుగుతున్నాయి.

ఈ గుమాస్తా తప్పే చోట్లు కొన్నే. ఒకటి, కొత్త వస్తువుకు అంకె దొరకక, 169.254తో మొదలయ్యే అంకెను తనంతట తానే పెట్టుకుంటుంది. వస్తువు సెట్టింగులలో ఆ అంకె కనబడిందా, రౌటరు దాని మొరే వినలేదన్న మాట. వస్తువును ఆపి తెరవండి, తరువాత రౌటరును ఆపి తెరవండి. రెండు, ఒకే అంకె యిద్దరికి పడడం. పాత ప్రింటరుకో కెమెరాకో యెవరో పూర్వం చేత్తో ఒక అంకె ఖాయం చేసి పోయి వుంటారు. ఆ సంగతి తెలియని రౌటరు అదే అంకెను కొత్త టీవీకి యిస్తుంది. అప్పుడు ఒకటి వస్తే ఒకటి పోతూ వుంటుంది. టీవీ రాగానే ప్రింటరు చచ్చిందని నింద పడేది యిక్కడే. ప్రింటరును "తనంతట తీసుకో" అన్న పద్ధతికి మార్చితే తగవు తీరుతుంది. మూడు, యింట యిద్దరు గుమాస్తాలు వుండడం. వెనుకగదికి వైఫై అందడం లేదని రెండవ రౌటరు కొంటారు. రెండూ అంకెలు పంచడం మొదలుపెడితే ఆ యింట శాంతి వుండదు. రెండవదానిని యాక్సెస్ పాయింటు పద్ధతిలో పెట్టాలి.

కొందరు జాగ్రత్తపరులు రౌటరులో పేర్ల పట్టిక పెట్టి, అందులో లేనివాటికి ప్రవేశం లేకుండా చేస్తారు. ప్రతి వస్తువుకూ పన్నెండు అక్షరాల పుట్టుపేరు ఒకటి వుంటుంది. పట్టిక దానిమీద నడిచేది. అయితే 2019 నాటి ఆండ్రాయిడు 10 నుంచీ, 2020 నాటి ఐఫోను 14వ పద్ధతి నుంచీ, ఫోన్లు కొత్త వైఫైకి పుట్టుపేరు చెప్పక మారుపేరు చెబుతున్నాయి. కొత్త ఫోను పట్టిక దగ్గర ఆగిపోతే యిది చూడండి. ఒక చిన్న విషయం: టీవీలో తేదీ, గడియారం తప్పుగా వుంటే వైఫై బాగున్నా యే కార్యక్రమమూ తెరుచుకోదు. అవతలి వారి భద్రతా పత్రాలకు గడువు తేదీలుంటాయి. మీ టీవీ పాత సంవత్సరంలో వుంటే ఆ పత్రాలను నమ్మదు.

ఇంతకూ మేము యీ వ్యాసం వ్రాయడానికి అసలు కారణం ఒక చిన్న గుంట. రౌటరు వెనుక గుండుసూది పట్టేంత వుంటుంది.

మేము యెరిగిన ఒక తెలుగు యింట కొత్త టీవీ పెట్టారు. అంటుకున్నది గాని బొమ్మ రాలేదు. "గా టీవీ అచ్చినప్పటిసంది నెట్టే బందయ్యింది" అని పెద్దమ్మ ఒకటే పోరు. నిజానికి ఫోన్లలో నెట్టు వస్తూనే వున్నది, యెవరూ చూడలేదు. చిన్నవాడు సూది తీసుకుని ఆ గుంటలో పది సెకన్లు నొక్కాడు. రౌటరు తిరిగి వెలిగింది, దీపాలన్నీ పచ్చగానే వున్నాయి, యిల్లంతటికీ నెట్టు పోయింది. రీసెట్టు అంటే ఆపి తెరవడం కాదు. రౌటరు కర్మాగారం నుంచి వచ్చిన నాటి స్థితికి పోవడం. చాలా కంపెనీల రౌటర్లలో చందాదారు పేరు, రహస్యపదం వ్రాసి వుంటాయి. ఆ సూదిపోటుతో అవీ చెరిగిపోతాయి. అవి తిరిగి వ్రాయగలిగినది కంపెనీ మనిషే. అతడు వచ్చేసరికి తొమ్మిది రోజులయింది. ఆ వారంలోనే పెద్దపిల్ల ప్రవేశపరీక్ష దరఖాస్తుకు ఆఖరు తేదీ. తండ్రి పని మానుకుని, పిల్లను బండి మీద గడ్‌చాందూరు సేవాకేంద్రానికి తీసుకుపోయి, మధ్యాహ్నపు యెండలో వరుసలో నిలబడి నింపించాడు. టీవీకి కావలసినదల్లా తేదీ సరిచేయడం. మేము పోయిన సాయంత్రం అది రెండు నిముషాల పని అయింది.

అదే యింట మరొక గండం తప్పింది. సహాయపు నంబరు కోసం ఫోనులో వెతికితే, కంపెనీ పేరుతో యేదో నంబరు కనబడింది. అవతలివాడు "ఒక యాప్ వేసుకోండి, మేమే సరిచేస్తాము" అన్నాడు. తండ్రి మాత్రం "ఇప్పుడు తీరదు" అని పెట్టేశాడు. అటువంటి యాప్ వేస్తే ఫోను తెర మొత్తం వాడి చేతికి పోతుంది, బ్యాంకు ఓ.టి.పి.తో సహా. సహాయపు నంబరు పాత బిల్లు మీదా, కంపెనీ సొంత యాప్‌లోనూ మాత్రమే చూడాలి. డబ్బు పోయినదని తెలిసిన క్షణమే 1930కి ఫోను చేయాలి. గంటలు గడిచినకొద్దీ ఆ డబ్బు చేతులు మారుతుంది.

ఆపి తెరవడానికి పద్ధతి: ప్లగ్గు తీసి ఒక నిముషం ఆగాలి, పెట్టిన తరువాత మూడు నిముషాలు ఓపిక పట్టాలి. మే నెలలో రేకుల కప్పు కింద, టీవీ వెనుక, బట్టకప్పి వుంచిన రౌటరు వేడికి తనంతట తానే ఆగుతుంది. దానికి గాలి తగలనివ్వాలి. టీవీ వెనుక పెడితే వేడే కాదు, ఆ లోహపు పలక తరంగాలను కూడా అడ్డుతుంది. గదిలో యెత్తుగా, విడిగా పెట్టడం మంచిది.

బాగా నడుస్తున్న రోజుననే రౌటరు అడుగున వున్న చీటీని ఫొటో తీసి, చందాదారు సంఖ్య, కంపెనీ సహాయపు నంబరు, వైఫై పేరు, పాస్‌వర్డు యింటి జమాఖర్చుల పుస్తకం చివరి పేజీలో తెలుగులోనూ, పిల్లలు మరాఠీలోనూ వ్రాసి పెట్టాలి. చందాదారు రహస్యపదం కంపెనీ మనిషిని అడిగి తీసుకోవచ్చు; మేము అడిగితే అతడు కాగితం మీద వ్రాసి యిచ్చాడు. బ్యాంకు పాస్‌వర్డు మాత్రం ఆ పేజీలో వ్రాయరాదు.